సరంగు వారధి

హలో, హలో, మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు అని స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి ఎవరో అరుస్తున్నారు. ఈ మైకులవాళ్ళు ఎప్పుడూ మూడు దాటి ముందుకు పోరెందుకో, నాలుగు అంటే నోరు కాలుతుందా అనుకుంది ఆమె, షామియానా కింద మొదటి వరసలో, కాగితం పూలు చుట్టిన కుర్చీలో కూర్చుని. ముఖ్య అతిథి ఇంకా రాలేదు. బయల్దేరారట, దారిలో ఉన్నారట, ఇదిగో వచ్చేస్తున్నారట. వంతెన గురించి కూడా ఊరు ఏళ్ళ తరబడి ఈ మాటలే విన్నది. పునాదిరాళ్ళు వేసినవాళ్ళు పోయారు, రాళ్ళు కూడా పోయాయి. ఎవరి అరుగులకో మెట్లయి ఉంటాయి. ఇప్పుడు మాత్రం వంతెన నిజంగానే ఎదురుగా ఉంది. ఇంకా ఎవరి చేతి చెమటా అంటని తెల్లటి రెయిలింగుతో, మధ్యలో కొంచెం ఎత్తు తిరిగి, అవతలి ఒడ్డు మీదికి దిగిపోయింది. ఈ చివరన ఒక ఆర్చి, దాని మీద పేరు, పేరు మీద నీలం గుడ్డ. గాలికి గుడ్డ లేచినప్పుడల్లా కింద ఒక ‘స’ కనబడి మళ్ళీ దాక్కుంటోంది. స అంటే సరంగు. లాంచీ నడిపేవాడిని సరంగు అంటారు. ఈ నది మీద లాంచీలు నడిపినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, రెండు ఒడ్ల మీదా సరంగు అంటే ఒక్కడే. ఆమె నాన్న.

“మోకాలు ఎలా ఉంది?” అన్నాడు పక్క కుర్చీలోంచి భర్త.

“ఉన్నచోటే ఉంది.”

“మధ్య దాకా నడవగలవా? లేదంటే చెప్పు, చక్రాల కుర్చీ ఉందట. తోసుకెళ్తాను.”

“మీరు నన్ను తోస్తే ఇద్దరం నదిలో తేలతాం. ఊరుకోండి.”

ఆయన నవ్వి చెవిలో మిషను సర్దుకున్నాడు. మిషనులో శబ్దం తగ్గించుకోవడానికే సర్దుకున్నాడని ఆమెకి తెలుసు. ఆయన అడగదలచుకున్నది మోకాలి గురించి కాదనీ తెలుసు. ఇక్కణ్ణించి ఆమె నడవాలి, అవతలి ఒడ్డు నుంచి చెల్లెలు నడవాలి, వంతెన మధ్యలో కట్టిన రిబ్బను దగ్గర ఇద్దరూ కలిసి ఒకే కత్తెరతో కత్తిరించాలి. మునిసిపల్ ఛైర్‌పర్సను ఇంటికొచ్చి ఈ మాట చెప్పినప్పుడు ఆమె కాదనలేదు, అవుననలేదు, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా చెల్లెలితో మాటల్లేవన్న సంగతి ఆ పిల్లకి తెలియదు. తెలిసి ఉంటే ఈ ఆలోచన వచ్చేది కాదేమో. లేక తెలిసే వచ్చిందేమో. ఈ కాలపు పిల్లల్ని నమ్మడానికి లేదు.

ఎండ నీటి మీద పడి కళ్ళల్లోకి కొడుతోంది. రేవు మెట్ల దగ్గర లాంచీ లేదు. నిన్ననే ఆఖరి ట్రిప్పు తిప్పి తీసుకెళ్ళిపోయారు. లేకపోయినా డీజిలు వాసన వస్తున్నట్టే ఉంది. ఆ వాసనకి చిన్నప్పుడు ఆమెకి కడుపులో తిప్పేది. సరంగు కూతురికి లాంచీ ఎక్కితే వాంతులు, ఊళ్ళో అందరికీ అదొక జోకు. ఇల్లు అవతలి ఒడ్డున, బడి ఇవతల. పొద్దున వెళ్ళేటప్పుడు ఒకసారి, సాయంత్రం వచ్చేటప్పుడు ఒకసారి ఆమె లాంచీ వెనక బల్ల మీద తల వేలాడేసి నీళ్ళకేసి చూస్తూ కూర్చునేది. చెల్లెలు మాత్రం కోతిపిల్లలా నాన్న ఒళ్ళోకి ఎక్కి చక్రం పట్టుకునేది. నాన్న చేతుల మధ్య దాని చేతులు. ఇటు తిప్పవే, అటు కాదే, నీటితో పోట్లాడకే, నీరు చెప్పింది విని అప్పుడు నువ్వు చెప్పాలి. ఆ మాటలు వెనక్కి గాలికి ముక్కలు ముక్కలుగా వచ్చేవి. దానికి నాన్న ఒడి, నాకు వెనక బల్ల అని అప్పట్లో కుళ్ళుకునేది. కానీ రేవు చేరాక నాన్న ముందు వచ్చేది ఆమె దగ్గరికే. తన తువ్వాలు తడిపి ఆమె మొహం తుడిచి, “దిగిపోయాం, ఇంక భూమి. తొక్కి చూడు, కదలదు,” అనేవాడు. ఆమె కాలితో రెండుసార్లు నేలని తొక్కేది. కదిలేది కాదు. నాన్నకి మాత్రం భూమే పడేది కాదు. ఇంటికొచ్చినా కాళ్ళు ఎడంగా వేసి ఊగుతూ నడిచేవాడు, పడుకున్నా మంచం కదలకపోతే నిద్ర పట్టదని ఒక కాలు గోడకి తన్ని మంచాన్ని ఊపుకునేవాడు. “మీ నాన్నకి ఇంట్లో ఉంటే కళ్ళు తిరుగుతాయే,” అని అమ్మ అనేది. ఎవరైనా రేవులో నిలబడి తొందరపెడితే, “అంత తొందరైతే ఈదుకుంటూ పద, నేను సామాను పట్టుకొస్తాను,” అనేవాడు. ఎవరూ ఈదలేదు. అందరూ నవ్వి కూర్చునేవారు. నవ్వితే లాంచీ తేలికవుతుందనేవాడు.

ఆమె పెళ్ళయి ఇవతలి ఒడ్డుకి కాపురానికి వచ్చిన రోజు కూడా లాంచీ నడిపింది ఆయనే. ఇంకెవరినైనా నడపమన్నారు చుట్టాలు. “నా పిల్లని నేను దాటించుకోలేనా?” అన్నాడు. ఆ రోజు లాంచీ ఎంత మెల్లగా నడిచిందంటే, మిగతా ప్రయాణికులు గొణుగుతూ, ఇంజను చెడిందేమో అని లోపలికి తొంగిచూశారు. ఇంజనుకి ఏమీ కాలేదు. నాన్న వీపు మాత్రమే కనబడింది ఆమెకి, దారంతా. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. రేవు వచ్చాక మామూలుగా రెండుసార్లు కొట్టే గంట ఆ రోజు కొడుతూనే ఉన్నాడు. కొత్త భర్త చెవిలో, “మీ నాన్నకి వినపడదా?” అన్నాడు. ఇప్పుడు ఆయనకే వినపడదు. ఆ రోజు వాంతి కాలేదు. దిగాక నేల తొక్కి చూడటం మాత్రం మర్చిపోయింది.

“వచ్చేశారు, వచ్చేశారు,” అన్నారెవరో. జనం లేచారు. వచ్చింది ముఖ్య అతిథి కాదు, ఆయన కోసం మంచినీళ్ళ సీసాలు తెచ్చిన జీపు. జనం మళ్ళీ కూర్చున్నారు. మైకువాడు మళ్ళీ హలో అన్నాడు.

హలో అన్న మాటతోనే ఆమె ఉద్యోగమంతా గడిచింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పొడవాటి గది, గోడ వారగా బోర్డు, బోర్డు నిండా కన్నాలు, తలకి పట్టీ, నోటి ముందు గొట్టం. ఎవరైనా ఫోను చేస్తే టక్కున వాళ్ళ కన్నం మీది రేకు పడేది, ప్లగ్గు దూర్చి, “నంబర్ ప్లీజ్,” అనాలి. కుడిచేతి వైపు చివరి రెండు వరసలు అవతలి ఒడ్డువి. నది మీదుగా తీగ వచ్చేది. ఆ వరసల్లో రేకు పడితే పక్క అమ్మాయిలు ముట్టుకునేవారు కాదు. “మీ పుట్టింటివాళ్ళు పిలుస్తున్నారు, మాట్లాడు,” అనేవారు. మాటలు నిలిచిపోకముందు చెల్లెలు రోజూ ఏదో వంకన పిలిచేది. దాని భర్తకి ఐసు ఫ్యాక్టరీ ఉండేది, అక్కడ ఫోను దాని చేతిలో. “నంబర్ ప్లీజ్” అని ఈమె అనగానే, “నంబరూ లేదు, గింబరూ లేదు, ఏం కూర వండావో చెప్పు,” అనేది. సూపర్వైజరమ్మ వెనకనే తిరుగుతుంటే ఈమె గొంతు మార్చి, “ఆ నంబరు బిజీగా ఉందండీ,” అనేది. అటు పక్క పకపకా నవ్వు.

మాటలు నిలిచిపోయాక కూడా రేకు పడేది. ఐసు వ్యాపారం ఆగదు కదా. ఈమె ప్లగ్గు దూర్చి, “నంబర్ ప్లీజ్,” అనేది. ఒక్క క్షణం తీగలో గాలి హోరు. ఆ తర్వాత చెల్లెలు నంబరు చెప్పేది, అంతే, ముక్తసరిగా. ఈమె కలిపేది. పక్క అమ్మాయికి వదిలేయవచ్చు. వదిలేయలేదు ఎప్పుడూ. చెల్లెలు కూడా ఫ్యాక్టరీలో ఇంకెవరికైనా అప్పగించి ఉండవచ్చు. అప్పగించలేదు. జలుబు చేస్తే తెలిసేది, ఏడ్చి ఉంటే తెలిసేది, పిల్లకి పరీక్షలు బాగా జరిగితే నంబరు చెప్పే తీరులోనే తెలిసేది. తర్వాత ఆటోమేటిక్ వచ్చింది. ఎవరికి వాళ్ళే తిప్పుకోవచ్చని ఊరంతా సంబరపడింది. పాత బోర్డుని లారీలో తీసుకుపోయిన రోజు ఆమె ఇంటికొచ్చి, ఏమీ తినకుండా పడుకుంది. ఉద్యోగం పోయిందా అని కంగారుపడ్డాడు భర్త. “లేదు, బిల్లుల కౌంటరులో వేశారు,” అంది. ఆయన తల నిమిరాడు, ఇంకేమీ అడగలేదు. మంచి మనిషి. అడక్కపోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఇద్దరికీ మాటలు నిలిచిపోయింది వరద తర్వాతే. ఆ వరద వారం మాత్రం రేకులు పడలేదు. నది మీది తీగ తెగిపోయింది. అవతలి ఒడ్డు వరసలు రెండూ చచ్చినట్టు పడి ఉంటే, ఆమె మిగతా ఊరికి నంబర్లు కలుపుతూ, మధ్యమధ్య ఆ కన్నాల్లో ప్లగ్గు దూర్చి వినేది. ఏమీ లేదు. హోరు కూడా లేదు. ఆ వానాకాలానికి ముందే నాన్నకి ఒకసారి గుండె నొప్పి వచ్చింది. అప్పటికి అమ్మ లేదు, నాన్న లాంచీ దిగి చెల్లెలింట్లో ఉంటున్నాడు. ఆసుపత్రి ఇవతల ఉంది, వానలు పడకముందే నాన్నని ఇక్కడికి పంపెయ్యి అని ఆమె ఫోనులో పదేపదే చెప్పింది. ఆయన రానంటున్నాడక్కా అని అది. నువ్వు గట్టిగా చెప్పవే అని ఈమె. వానలు తగ్గాక వస్తాలే అని వెనక నుంచి నాన్న. ఆయన గొంతు వినడం అదే ఆఖరు. నది పొంగి ఉండగా ఒక పగటిపూట మళ్ళీ నొప్పి వచ్చి, మధ్యాహ్నానికి నాన్న పోయాడు. ఊరంతటినీ జీవితాంతం దాటించినవాడు తను దాటలేక పోయాడు. ఈమెకి తెలిసేసరికి నీళ్ళు దిగాయి, అంతా అయిపోయింది. లాంచీ దిగి, బురదలో ఆ ఇంటికి పరుగెత్తి, గడపలో నిలబడి ఆమె అన్న మొదటి మాట, “నేను చెబుతూనే ఉన్నాను.” చెల్లెలు తలెత్తింది. ఎన్ని రోజులుగానో నిద్ర లేని కళ్ళు అవి. “చెప్పడం నీ ఉద్యోగం కదా,” అంది. “చెవిలో గొట్టం పెట్టుకుని చెబుతూనే ఉంటావు. ఆయన దగ్గర కూర్చున్నది నేను.”

అంతే. అంతకుమించి ఒక్క ముక్క కూడా లేదు. పెద్ద పెద్ద తిట్లయితే మర్చిపోవచ్చు, ఎవరో ఒకరు సర్దిచెప్పవచ్చు. రెండూ నిజాలే కావడంతో సర్దడానికి ఏమీ దొరకలేదు. తర్వాత ఐసు ఫ్యాక్టరీ మరిది పోయినప్పుడు ఆమె వెళ్ళింది. వరండాలో పదిమందితో పాటు కూర్చుంది. చెల్లెలు ఆమె వైపు ఒకసారి చూసి, పక్కనున్నావిడతో, “ఒడ్డు దాటి వచ్చినవాళ్ళకి టీ ఇచ్చారా?” అంది. చుట్టానికి ఇచ్చినట్టు ఇచ్చారు. తాగి వచ్చేసింది.

ఏళ్ళ మీద ఏళ్ళు గడిచాక, వంతెన స్తంభాలు లేస్తుండగా, పేరు దగ్గర పెద్ద రభస జరిగింది. ఇవతలివాళ్ళు మా డాక్టరు పేరు పెట్టాలన్నారు, అవతలివాళ్ళు మా హెడ్‌మాస్టరు పేరన్నారు. సగానికి అటు ఒక పేరు, ఇటు ఒక పేరు పెట్టండి, మధ్యలో గోడ కట్టండి అని పత్రికలో ఎవరో ఎగతాళి చేశారు. చివరికి ఒక సభలో నాన్న దగ్గర పనిచేసిన ఇంజను మేస్త్రి లేచాడు. ముసలివాడైపోయాడు, మాట తడబడుతోంది. ఆ వరద రోజు తను లాంచీ స్టార్టు చేసి ఉంచాననీ, దుప్పట్లో మోసుకెళ్దామని ఇంటికి వెళితే సరంగు ఒప్పుకోలేదనీ చెప్పాడు. “నన్ను ఒక్కణ్ణి దాటించడానికి మీరు నలుగురూ ఎక్కాలి. నలభై ఏళ్ళల్లో ఒక్కణ్ణి కూడా నీళ్ళకి ఇవ్వలేదురా నేను. ఇవాళ లెక్క చెడగొట్టకండి. ఇంజను ఆపు,” అన్నాడట. చిన్న కూతురు ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చిందట, పద నాన్నా, పద అని. ఆయన కదలలేదట. ఆ తర్వాత డాక్టరు పేరూ లేదు, హెడ్‌మాస్టరు పేరూ లేదు. ఆయన ఇంటి పేరుతో, అసలు పేరుతో సహా పెట్టాలని ఆఫీసువాళ్ళంటే, అంత పొడుగు పేరు ఎవరికి తెలుసు, సరంగు చాలన్నారు రెండు ఒడ్లవాళ్ళూ.

ఆ సభకి ఆమె వెళ్ళలేదు. భర్త వెళ్ళొచ్చి, చొక్కా విప్పకుండానే వంటగదిలోకి వచ్చి అంతా చెప్పాడు. ఆమె పొయ్యి ఆపి నిలబడిపోయింది. కాళ్ళ మీద పడి ఏడ్చిందట. ఇంతకాలం ఆ ముక్క తనతో ఎందుకు అనలేదు అది? అని ఉంటే తను వినేదా? గడపలో నిలబడి ముందే తీర్పు చెప్పేసినదానికి ఎవరు మాత్రం ఏం చెబుతారు? ఆ రోజు నుంచి కోపం లేదు. నిజానికి అంతకు చాలా ముందే లేదు. కోపం ఖాళీ చేసి వెళ్ళిపోయినా దాని తాళం అలాగే వేలాడుతూ ఉంది, అంతే. ఎన్నోసార్లు ఫోను దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చింది. అక్కడ గొంతు వినపడితే ఏమనాలి? నంబర్ ప్లీజ్ అనాలా?

బ్యాండు మోగింది. ఈసారి నిజంగానే వచ్చారు. పూలగుత్తులు, కెమెరాలు, ఉపన్యాసాలు. ముఖ్య అతిథి నాన్నని రెండుసార్లు సారంగి అన్నాడు, ఎవరో చెవిలో చెబితే సర్దుకున్నాడు. జనం నవ్వారు. లాంచీ తేలికయినట్టు ఆమెకి కూడా ఒళ్ళు తేలికయింది. గుడ్డ జారింది. సరంగు వారధి. పెద్ద పెద్ద అక్షరాలు. చప్పట్ల మధ్య భర్త ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. “పద,” అన్నాడు, “నేను ఇక్కడే ఉంటాను.”

ఛైర్‌పర్సను ఒక పక్క, వాలంటీరు అమ్మాయి ఒక పక్క. కొత్త తారు వాసన, చెప్పులకి కొంచెం అంటుకుంటోంది. మోకాలు తన సంగతి చెబుతూనే ఉంది. రెయిలింగు పట్టుకుంటే వేడి. కింద నీరు, ఇంత ఎత్తు నుంచి అది ఎంత నెమ్మదిగా, ఏమీ ఎరగనట్టుగా పోతోందో. దారి ఎత్తు ఎక్కుతున్నంతసేపు అవతలి వైపు ఏమీ కనబడలేదు, ఆకాశం తప్ప. ముందు ఒక గొడుగు కనబడింది. ఆ తర్వాత తెల్లటి తల. ఆ తర్వాత మనిషి. సన్నగా, ఎముకల పోగులా, కాళ్ళు ఎడంగా వేసి, అటూ ఇటూ ఊగుతూ. నాన్నే నడిచి వస్తున్నాడనుకుంది. దాని నడక ఇలా ఎప్పుడు మారింది? ఎన్నేళ్ళుగా ఇలా నడుస్తోంది? తను చూడని సంవత్సరాలన్నీ ఎదురుగా ఊగుతూ వస్తుంటే, ఆమె ఆగి, కాలితో రెండుసార్లు వంతెనని తొక్కి చూసింది.

రిబ్బనుకి అటు చెల్లెలు, ఇటు ఆమె. ఛైర్‌పర్సను పళ్ళెంలో కత్తెర పట్టుకుని నవ్వుతూ నిలబడింది. కెమెరాలు టకటకమన్నాయి. చెల్లెలు ఆమెని కిందినుంచి పైదాకా చూసింది.

“లావయ్యావే,” అంది.

“నువ్వు చిక్కి సగమయ్యావు,” అంది ఆమె. “తింటున్నావా అసలు?”

“ఒక్కదాన్ని ఏం వండుకుంటాను?”

“కత్తిరించండమ్మా,” అంది ఛైర్‌పర్సను.

ఇద్దరూ ఒకే కత్తెర పట్టుకున్నారు. ఆమె చేతి మీద చెల్లెలి చెయ్యి, ఎండిన ఆకులా గరగరలాడుతూ. కత్తెరకి పదును లేదు. మళ్ళీ నొక్కారు. రిబ్బను మడత పడింది గానీ తెగలేదు. “ప్రభుత్వం వారి కత్తెర,” అంది చెల్లెలు మెల్లగా, పెదవి కదలకుండా. ఆమెకి నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఎప్పుడు ఏడుపులోకి జారిందో తెలియలేదు. చెల్లెలు రిబ్బనుని రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తెగింది. చప్పట్లు, ఈలలు. అటునుంచీ ఇటునుంచీ జనం ఒక్కసారిగా వంతెన మీదికి వచ్చి, వాళ్ళిద్దరినీ చుట్టుముట్టి, దాటి, పిల్లలు పరుగులు పెడుతూ, ఎవరు ఏ ఒడ్డువాళ్ళో తెలియకుండా కలిసిపోయారు.

రెయిలింగు దగ్గరికి జరిగి నిలబడ్డారు ఇద్దరూ.

“మేస్త్రి చెప్పింది విన్నాను,” అంది ఆమె. “నువ్వు నాతో అని ఉండాల్సింది.”

“అంటే ఏం చేసేదానివి?”

ఆమె ఆలోచించింది. “ఏమో. ఇంకా అరిచేదాన్నేమో.”

“అదే.” చెల్లెలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. “అసలు నీ మీద కాదే నా కోపం. పడవెక్కనన్నందుకు ఆయన మీద. పోయినవాళ్ళ మీద కోపం ఎవరికి చూపించుకోను? నువ్వు ఎదురొచ్చావు.”

“నాకూ అంతే,” అంది ఆమె. అనేదాకా తనకే తెలియదు ఆ మాట.

ఛైర్‌పర్సను పరుగున వచ్చింది. “మేడమ్, మీ కోసం కారు ఇవతలి ఒడ్డున పెట్టించాను, ఇంటి దగ్గర దింపేస్తారు.”

ఆమె చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు నీళ్ళకేసి చూస్తూ, “నాన్న గదిలో ఇప్పుడు పాత సామాను పెట్టాను,” అంది. “కూర్చోవడానికి చోటుండదు. వంటగదిలో కూర్చోవాలి.”

“వంటగదిలోనే కూర్చుంటాను,” అని, ఛైర్‌పర్సనుతో, “కారు వద్దమ్మా. మా ఆయనకి కాస్త చెప్పు, వంట చేసే వచ్చాను, వేడి చేసుకు తినమను. నేను సాయంత్రానికి వస్తాను. రాకపోతే పొద్దునకి వస్తాను,” అంది.

మొదటి బస్సు వచ్చింది వెనక నుంచి, హారను కొడుతూ, జనం మధ్య నడకలా కదులుతూ. అక్క కుంటడం చూసి చెల్లెలే చెయ్యెత్తింది. కండక్టరు కుర్రతనం పోని మనిషి, తలుపు తీసి, “ఇక్కడ ఆపకూడదమ్మా,” అంటూనే చెయ్యందించి ఇద్దరినీ లాగాడు. చోటు చేసి కూర్చోబెట్టారెవరో. బస్సు వంతెన మధ్య దాటి వాలు దిగుతుంటే కండక్టరు టిక్కెట్ల కట్టతో దగ్గరికి వచ్చాడు.

“ఇవాళ ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోం గానీ టిక్కెట్టు చింపాలి. ఎక్కడ ఎక్కారమ్మా?”

చెల్లెలు కిటికీలోంచి వెనక్కి, వంతెన వైపు చూసింది.

“సరంగు దగ్గర,” అంది ఆమె.

“సరంగు, రెండు,” అని అతను పైకే అనుకుంటూ టిక్కెట్లు చింపి చేతిలో పెట్టి, వెనక సీట్లవాళ్ళ వైపు వెళ్ళిపోయాడు.